కరపత్రంలో నడిచిన పిల్ల

నా చిన్నప్పుడు ఒక వానాకాలమంతా మా ఇంట్లోనే, మా వాళ్ల మధ్యనే దాక్కొని బతికాను. నేను చేసిన తప్పేమీ లేదు. లేచి నడుస్తున్నానని ఒక కాగితం మీద అచ్చయింది, అంతే. ఆ కాగితం చదివి వచ్చేవాళ్ల కంట నడవలేని పిల్ల పడకూడదు కదా, అందుకని నన్ను పత్తి నిలవ చేసే గదిలో, పత్తి అర్రలో ఉంచారు.

మాది బచ్చన్నపేట దగ్గర ఒక పల్లె. చెరువు నిండిన ఏడాది నాలుగు మళ్లు వరి, నిండని ఏడాది పత్తి. మా బాపు, అంటే నాన్న, భీవండిలో మగ్గాల పనికి పోయి ఏడాదికోసారి వచ్చేవాడు. ఇంట్లో అమ్మ, బాపును కన్న బాపమ్మ, బాపు తమ్ముడైన మా చిన్నబాపు, నేను. మూడో ఏట జ్వరం వచ్చి తగ్గాక నా ఎడమ కాలు చచ్చుపడింది. దాన్ని పోలియో అంటారని చాలా రోజుల తర్వాత తెలిసింది. ఎడమ చేత్తో మోకాలిని నొక్కిపట్టి, ఒళ్లంతా ఒక పక్కకు వంచి, అడుగు తర్వాత అడుగు ఈడ్చుకుంటూ నడిచేదాన్ని. పది అడుగులకోసారి ఆగేదాన్ని.

మా చిన్నబాపు చెడ్డవాడని చెబితే అది ఇంకో అబద్ధమవుతుంది. నన్ను బడిలో వేసింది ఆయనే. రోజూ సైకిల్ ముందు కడ్డీకి తువ్వాల చుట్టి, దాని మీద కూర్చోబెట్టుకొని బడికి తీసుకుపోయేవాడు. ఎవరైనా నన్ను కుంటిపిల్ల అంటే సైకిల్ ఆపి మరీ తగువు పెట్టుకునేవాడు. గాజులు అమ్మాడు, ఐసు డబ్బా మోశాడు, బీడీల కంపెనీలో కొన్నాళ్లు ఉన్నాడు. ఏదీ నిలవలేదు. చివరికి ఆయన చూపు బాపమ్మ నూనె మీద పడింది.

బాపమ్మ నువ్వుల నూనెలో వావిలాకు వేసి, ఆకు నల్లబడేదాకా కాచి, దించేముందు కర్పూరం కలిపేది. నాట్ల రోజుల్లో నడుము పట్టేసిన ఆడవాళ్లు గిన్నెలు పట్టుకొని మా ఇంటికి వచ్చేవారు. రుద్దుకుంటే హాయిగా ఉండేది. అందులో మోసం లేదు. చిన్నబాపు ఆ నూనెను సీసాల్లో పోసి జనగామ స్టేషన్ రోడ్డు మీద బల్ల పెట్టుకున్నాడు. నడుము నొప్పులకు అని చెప్పి అమ్మినంతకాలం రోజుకు నాలుగు సీసాలు కూడా పోలేదు.

ఒకరోజు నాకు కొత్త గౌను కొని జనగామలో ఫొటో స్టూడియోకు తీసుకుపోయాడు. నాకప్పుడు ఎనిమిదేళ్లు. మొదట నేల మీద కూర్చోబెట్టి, పాత గౌనుతో, కాలు ముందుకు చాపించి ఒక ఫొటో తీయించాడు. తర్వాత కొత్త గౌనుతో నిలబెట్టాడు. నా వెనక ఒక చిన్న కుర్చీ పెట్టారు. చేతులు వెనక్కి పెట్టి దాని వీపును గట్టిగా పట్టుకోమన్నారు. గౌను కుచ్చులు కుర్చీని కప్పేశాయి. నవ్వమన్నారు, నవ్వాను. కూర్చున్నదీ నేనే, నిలబడ్డదీ నేనే. అబద్ధమంతా ఆ కుర్చీలోనే ఉంది, అది ఫొటోలో లేదు.

కరపత్రాలు అచ్చయి వచ్చిన రోజు వాటిని మొదట చదివింది కూడా నేనే. బడిలో బాగా చదివేదాన్నని చిన్నబాపు ఒక కాగితం నా చేతికిచ్చి అందరికీ వినిపించమన్నాడు. రెండు ఫొటోలు పక్కపక్కనే ఉన్నాయి. పైన పెద్ద అక్షరాలు: ‘కాలు పడిపోయిన పాప నలభై రోజుల్లో లేచి నడిచింది.’ కింద మా ఊరి పేరు. దాని కింద, ‘నమ్మనివారు వచ్చి కళ్లారా చూడవచ్చు.’ చదువుతూ చదువుతూ నా గొంతు తగ్గిపోయింది. ఆ చివరి మాట ఎందుకని అమ్మ అడిగింది. అట్లా వేస్తే నమ్మకం కలుగుతుందని ప్రెస్సువాడు చెప్పాడట. “గింత దూరం ఎవలొస్తరు వదినా,” అని చిన్నబాపు నవ్వాడు.

వచ్చారు. చిన్నబాపు రైల్లో మహబూబాబాద్ దాకా పోయి స్టేషన్లలో ఆ కాగితాలు పంచుతూ సీసాలు అమ్మేవాడు. నెల తిరగకముందే ముసలి తల్లిని ఎడ్లబండిలో వేసుకొని ఒకాయన వచ్చాడు. నేను వాకిట్లో చింతగింజలతో ఆడుకుంటున్నాను. చిన్నబాపు దూరం నుంచే వాళ్లను చూసి, ఒక్క ఉదుటున నన్ను ఎత్తుకొని పత్తి అర్రలో దించి గొళ్లెం పెట్టాడు. పాప అమ్మమ్మ ఊరికి పోయిందని బయట చెబుతున్న మాట లోపలికి వినబడింది. అదే నా మొదటి రోజు.

ఆ అర్రకు ఒకటే కిటికీ, అది పశువుల కొట్టం వైపు. పత్తి ఏరే కాలం కాదు గనుక ఖాళీగా ఉండేది గానీ, మూలల్లో పాత దూది, పత్తిగింజల వాసన, ఎలుకలు ఉండేవి. మొదట్లో ఎవరైనా వచ్చినప్పుడే లోపల ఉంచేవారు. తర్వాత బస్సు వచ్చే వేళలన్నీ లోపలే గడిచాయి. ఆ తర్వాత బడి మానిపించారు, ఎందుకంటే బడి బస్సు ఆగే చోటుకు ఎదురుగా ఉంది. ఊరివాళ్లందరికీ నేను నడవలేనని తెలుసు. కొందరు నవ్వుకున్నారు, కొందరు మనకెందుకని ఊరుకున్నారు. తెలియనిది దూరం నుంచి వచ్చేవాళ్లకే.

నేను కనబడక మా సారు ఒకరోజు ఇంటికి వచ్చారు. ఆయన ఆ కరపత్రం మడత విప్పి చిన్నబాపు ముందు పెట్టడం తలుపు సందులోంచి చూశాను.

“గిది నేరం, తెలుసా నీకు?” అన్నారు సారు. “కొన్ని జబ్బులున్నయి, వాటిని నయం చేస్తమని ప్రకటన వేయొద్దని చట్టమే ఉన్నది. కాళ్లు చేతులు పడిపోవుడు అండ్ల ఉన్నది. నూనె మంచిదా కాదా అన్నది తర్వాత సంగతి. గిట్ల అచ్చేసి పంచుడే తప్పు.”

“పట్నంల గోడలన్నీ గసుంటి రాతలే గద సారూ. వాళ్లనెవలు పట్టుకున్నరు?”

“వాళ్ల సంగతి వాళ్లది. ముందుగాల పిల్లను బడికి పంపు.”

వచ్చే వారం పంపుతానన్నాడు చిన్నబాపు. ఆ వారం రాలేదు. సారు రెండుసార్లు మనిషిని పంపించి, ఆ తర్వాత ఊరుకున్నారు.

సారు పోయాక చిన్నబాపు అర్రలోకి వచ్చి నా పక్కన కూర్చున్నాడు. ఆయన మొఖం వాడిపోయి ఉంది. సీసా మూత తీసి నా కాలుకు తనే నూనె రుద్దుతూ, “రోజూ రుద్దుకో బిడ్డా. నీకు నయమైందనుకో, గప్పుడు కాగితంల రాసింది నిజమే అయితది గద,” అన్నాడు.

ఆ మాట నన్ను గొళ్లెం కంటే గట్టిగా బంధించింది. అప్పటినుంచి అబద్ధం ఆయనది కాదు, నా కాలిదే అనిపించింది. కాలు ఒక్కటి బాగుపడితే అందరూ బయటపడతాం. పొద్దున, మధ్యాహ్నం, మసక చీకట్లో రుద్దుకునేదాన్ని. గోడకు చేతులు ఆనించి నిలబడి, ఒక్కొక్క వేలే గోడ మీదినుంచి తీసేదాన్ని. చివరి వేలు తీయగానే పడిపోయేదాన్ని. పడ్డ చప్పుడు బయటికి వినబడకుండా పాత దూది కింద పరుచుకున్నాను. నలభై రోజులు గోడ మీద బొగ్గుతో గీతలు గీశాను. నలభై ఒకటో రోజున కూడా పడ్డాను. ఆ రోజు ఎవరికీ చెప్పకుండా చాలాసేపు ఏడ్చాను. చిన్నబాపుకు నేనే అన్యాయం చేస్తున్నానని ఏడ్చాను.

ఒక ఉదయం, ముసురు పట్టిన రోజు, చిన్నబాపు జనగామ పోయి ఉండగా ఒక తల్లి వచ్చింది. గంగారం అవతల అడవిలో ఉన్న తండా వాళ్లది. ముందురోజే బయలుదేరి బస్సులో మహబూబాబాద్, అక్కడినుంచి రైలులో జనగామ, మళ్లీ బస్సులో మా ఊరు. ఆరేళ్ల కూతురిని చీర కొంగుతో వీపున కట్టుకొని వచ్చింది. వసారాలో పిల్లను దించి, చెంగు పిండుకుంటూ, నడిచిన పాపను చూడాలంది.

“పిల్ల అమ్మమ్మ ఇంటికి పోయింది,” అంది బాపమ్మ. రోజూ చెప్పే మాటే.

“ఎప్పుడొస్తది అవ్వా?”

“తెల్వదు బిడ్డా.”

“అయితే కూసుంట. ఇయ్యాల కాకుంటే రేపొస్తది గద,” అందామె.

ఇంతవరకు వచ్చినవాళ్లంతా కాసేపు కూర్చొని, ఒక సీసా కొనుక్కొని, తిరుగు బస్సుకు పోయేవారు. ఈమె కదల్లేదు. అమ్మ ఆమెకు అన్నం పెట్టింది. తింటూ తన సంగతి చెప్పింది. నాలుగు నెలల కింద వరంగల్ పెద్ద దవాఖానలో బిడ్డ కాలుకు పట్టీ కట్టి, కాలు సాగాక కోసి సరిచేస్తామన్నారట. ఈలోగా స్టేషన్లో ఈ కాగితం దొరికింది. చదువు వచ్చినవాళ్లెవరో చదివి చెప్పారు. పట్టీ విప్పేసి నూనె రుద్దడం మొదలుపెట్టింది. మూడు సీసాలయ్యాయి. మోకాలు ముందుకంటే ఎక్కువ వంగిపోయింది.

“సోమవారం కోస్తం, తోల్కరా అన్నరు,” అందామె. “కోపిచ్చాలంటే నాకు భయమైతాంది అవ్వా. మీ పిల్ల నడుసుడు ఒక్కసారి కండ్లతోని చూస్తే, దవాఖానకు పోను. గీ నూనే రుద్దుకుంట.”

అది శుక్రవారం.

తలుపు అవతల నేను నేలకు అంటుకుపోయినట్టు కూర్చున్నాను. పొద్దుటినుంచి మూత్రానికి పోలేదు. పెరట్లోకి పోవాలంటే వసారా దాటాలి. పొట్ట పగిలేలా ఉంది. కదిలితే కాలు నేలకు రాసుకున్న చప్పుడు వినబడుతుందని పెదవి కొరుక్కొని ఉన్నాను. నేను బయటికి పోతే చిన్నబాపును పోలీసులు పట్టుకుపోతారు. పోకపోతే ఆ పిల్ల దవాఖానకు పోదు. ఎనిమిదేళ్ల బుర్రకు ఈ రెండు తప్ప మూడోది తోచలేదు. ఎవరైనా వచ్చి నన్ను ఆ ఇంట్లోంచే తీసుకుపోతే బాగుండుననిపించింది.

ఆ పిల్ల వసారాలో పాకుతూ ఆడుకుంటోంది. పాకుతూ పాకుతూ అర్ర తలుపు దగ్గరికి వచ్చింది. తలుపు కింద నాలుగు వేళ్లు పట్టేంత సందు ఉంది. అందులోంచి ఒక చిన్న చెయ్యి లోపలికి వచ్చి నా ఎడమ పాదాన్ని తాకింది. నేను వెనక్కి తీసుకోలేకపోయాను, ఆ కాలు నేను చెప్పినట్టు వినదు కదా. ఆ వేళ్లు నా పాదాన్ని, సన్నటి మడమను తడిమి తడిమి చూశాయి. తర్వాత చెయ్యి వెనక్కి పోయింది. “యాడీ,” అని తల్లిని పిలిచి, వాళ్ల భాషలో ఏదో చెప్పింది.

తల్లి లేచి తలుపు దగ్గరికి వచ్చింది. తర్వాత బాపమ్మను అడిగింది. “లోపల ఎవరో ఉన్నరంటాంది అవ్వా నా బిడ్డ. ఆ కాలు తన కాలు లెక్కనే సల్లగ, సన్నగ ఉన్నదంటాంది.”

అమ్మ చేతిలో చెంబు కింద పెట్టిన చప్పుడు వినబడింది. బాపమ్మ ఇంకో అబద్ధం ఆడొచ్చు. లోపలున్నది ఇంకో మనవరాలు అనొచ్చు. బాపమ్మ అడుగులు తలుపు వైపు వచ్చాయి. తర్వాత గొళ్లెం కదిలింది.

తలుపు తెరిచి బాపమ్మ గడప మీద నిలబడింది. నన్ను ఎత్తుకోలేదు, చెయ్యి అందివ్వలేదు.

“బయటికి రా బిడ్డా. నువ్వెట్ల నడుస్తవో గట్లనే నడువు,” అంది.

ఎనిమిది అడుగులు ఉంటాయేమో వసారా చివరికి. మోకాలు నొక్కిపట్టి, ఒళ్లు వంచి, కాలు ఈడ్చుకుంటూ నడిచాను. ఆ తల్లి కళ్లు నా కాలి మీదే ఉన్నాయి. నా జన్మలో అంత దూరం నేను ఎప్పుడూ నడవలేదనిపించింది. స్తంభం దగ్గర ఆగి తల వంచుకున్నాను. తిడుతుందనుకున్నాను, కాగితం మొఖాన కొడుతుందనుకున్నాను.

“నొప్పి ఉంటదా బిడ్డా?” అని అడిగిందామె.

“నొప్పి ఉండదు. అలుపొస్తది,” అన్నాను. ఎన్నో నెలల తర్వాత నా కాలు గురించి నేను పలికిన మొదటి నిజం అది. ఆ తర్వాత అమ్మ నన్ను పెరట్లోకి తీసుకుపోయింది.

తిరిగి వచ్చేసరికి బాపమ్మ ఆమె ముందు నేల మీద కూర్చొని ఉంది. “నా కొడుకు అబద్ధం అచ్చేసిండు. నేను దానికి గొళ్లెం పెట్టిన,” అని చెబుతోంది. “దవాఖానల కోసుడు మంచిదో కాదో నాకు తెల్వదు బిడ్డా. నా నూనె సంగతే నాకు తెలుసు. నడుము నొప్పికి పనికొస్తది. సచ్చువడ్డ కాలును లేపది. గీ పిల్లకు అయిదేండ్లు నేనే రుద్దిన.”

ఆ తల్లి అంతా విని, కూతురి మోకాలిని అరచేత్తో మూసి పట్టుకొని చాలాసేపు కూర్చుంది. తర్వాత కొంగు విప్పి పిల్లను మళ్లీ వీపున కట్టుకుంది. మధ్యాహ్నం బస్సుకు బాపమ్మ నన్ను కూడా బయలుదేరదీసింది. బస్సులో ఆ పిల్లా నేనూ పక్కపక్కనే కూర్చున్నాం. దారి పొడవునా తను నా కాలు వంకే చూసింది, నేను కిటికీలోంచి పొలాల వంక చూశాను. అన్ని రోజుల తర్వాత అంత ఆకాశం చూస్తే కళ్లు నొప్పి పెట్టాయి.

జనగామలో ఆ తల్లీబిడ్డలు వరంగల్ రైలుకు పోయారు. బాపమ్మ నన్ను చంకనెత్తుకొని స్టేషన్ రోడ్డుకు నడిచింది. చిన్నబాపు మైకు పట్టుకొని నా నడక గురించే చెబుతున్నాడు. చుట్టూ పదిహేను మంది దాకా ఉన్నారు. బాపమ్మ జనాన్ని తప్పించుకుంటూ పోయి నన్ను సీసాల పక్కన, బల్ల మీద కూర్చోబెట్టింది. నా కాలు బల్ల అంచునుంచి వేలాడింది. పక్కనే కర్రకు కట్టిన అట్ట మీద నా నిలబడ్డ ఫొటో.

“ఇప్పుడు చెప్పు కొడుకా,” అంది బాపమ్మ. గొంతు పెంచలేదు.

చిన్నబాపు నన్ను చూశాడు, జనాన్ని చూశాడు. మైకు నోటి దగ్గరే ఉంది. అటు పోలేక ఇటు రాలేక నిలబడ్డ ఆ మొఖం నాకు బాగా తెలిసినట్టే అనిపించింది. పత్తి అర్రలో నా మొఖం అట్లాగే ఉండి ఉంటుంది. ఎవరో నవ్వారు. ఎవరో కొన్న సీసాను తిరిగి బల్ల మీద పెట్టి పోయారు. చివరికి ఆయన మైకు ఆపేసి, అట్టను తిప్పి పెట్టి, “అన్నం తిన్నవా?” అని నన్ను అడిగాడు.

తర్వాత జరిగింది అంత తేలికగా జరగలేదు. ఆ తల్లి దవాఖానలో కరపత్రం చూపించిందట. డాక్టరమ్మ దాన్ని పైవాళ్లకు పంపింది. ఇద్దరు అధికారులు మా ఇంటికి వచ్చి సీసాలు, మిగిలిన కాగితాలు పట్టుకుపోయారు. కేసయింది. కోర్టులో చిన్నబాపు తప్పు ఒప్పుకున్నాడు. ఊళ్లో ఆయన తలెత్తుకోవడానికి ఏళ్లు పట్టింది. బాపమ్మతో రెండు నెలలు మాట్లాడలేదు. అయినా ఆమె చెప్పిన ఒక పని మాత్రం చేశాడు. ముందు కాగితంలో రాసింది నిజం కాదని, దవాఖాన మందులు మానొద్దని ఇంకో కాగితం అచ్చేయించి మహబూబాబాద్ దాకా ఆ స్టేషన్లలోనే పంచాడు. దాన్ని ఎవరూ సరిగ్గా చదవలేదు. పల్లీలు అమ్మేవాళ్లు పొట్లాలకు తీసుకున్నారు. మొదటి కాగితం మాత్రం ఎన్ని ఇళ్లల్లో దాచిపెట్టారో, మరో రెండేళ్లు జనం వస్తూనే ఉన్నారు.

అయితే ఈసారి అర్ర లేదు. నేను మళ్లీ బడికి పోయేదాన్ని. ఎవరైనా బస్సు దిగి నన్ను గురించి అడిగితే సారు నన్ను పిలిచేవారు. నేనే ఎదురుపోవాలని బాపమ్మ ఆజ్ఞ. మొదట్లో నాలుక తడబడేది. పోగా పోగా వాళ్ల మొఖాల్లో ఆశ ఆరిపోవడం చూస్తూ కూడా చెప్పడం నేర్చుకున్నాను. వాళ్లను దవాఖానకు పొమ్మని చెప్పేదాన్ని. కొందరు పోయారు. కొందరు నన్నే తిట్టి పోయారు.

ఆ డాక్టరమ్మే ఫొటోలోని పిల్లను కూడా తీసుకురమ్మని కబురు పంపింది. చిన్నబాపే తీసుకుపోయాడు. వార్డులో ఆ తండా పిల్ల కాలికి పిండికట్టుతో మంచం మీద ఉంది, నన్ను చూసి చెయ్యి ఊపింది. నా కాలుకు ఆపరేషన్ చేసే వయసు దాటలేదు గానీ, చేసినా కాలికి బలం రాదన్నారు. ఇనుప చువ్వలు, తోలు పట్టీలు ఉన్న బూటు చేయించి ఇచ్చారు. దానితో పడుతూ లేస్తూ, నా పదకొండో ఏట గోడ పట్టుకోకుండా నిలబడ్డాను.

బాపమ్మ పోయి చాలా ఏళ్లయింది, చిన్నబాపు కూడా పోయాడు. నేను దవాఖానలో చీటీలు రాసే ఉద్యోగం చేసి రిటైరయ్యాను. ఇప్పుడు మా వీధి ఆడవాళ్లు ఫోన్ పట్టుకొని నా దగ్గరికి వస్తుంటారు. అందులో ముందు మంచం మీద మూలుగుతూ, తర్వాత మెట్లు ఎక్కుతూ ఒకామె కనబడుతుంది. “అక్కా, నువ్వు గీ కాలుతోని ఇన్నేండ్లు నెట్టుకొస్తున్నవు గద, గీ నూనె పనిచేస్తదా జర చెప్పు,” అంటారు. నాకు తెలిసినంతే చెబుతాను, తెలియనిది తెలియదంటాను. నా మాట మీద ఆశ పెట్టుకొని ఎవరైనా పిల్లను వీపున కట్టుకొని బయలుదేరుతారేమోనన్న భయం నన్ను ఇంకా వదల్లేదు, వదలకూడదనే నా కోరిక. వాళ్లు ఇంకా నమ్మలేనట్టు చూస్తే, బజారని కూడా చూడకుండా చీర అంచు కాస్త పైకి ఎత్తి, ఇనుప చువ్వను చేత్తో తట్టి చూపిస్తాను.

“నన్ను నడిపిస్తున్నది గిదే, చెల్లె,” అంటాను.